గ్యాస్ ఎనలైజరును నీటి నుండి కాపాడుకొనుట



కూరగాయలతో హైదరాబాదు వచ్చి అమీర్‌పేట, పంజాగుట్ట మీదుగా పోవువారికి వాహనముల పొగ పరీక్ష క్రొత్త కాదు. పెట్రోలు బండి పొగగొట్టములో సన్నని గొట్టము దూర్చి, పొగను యంత్రములోనికి లాగి, అందు కార్బన్ మోనాక్సైడు ఎంత ఉన్నదో చూచెదరు. ఈ యంత్రమే గ్యాస్ ఎనలైజరు. గోబర్ గ్యాసులో మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడు కొలుచుటకును ఇట్టి యంత్రములే కలవు. పలువురు కలిసి గ్యాసు ప్లాంటు పెట్టి ఇంజను నడుపుకొనుచోట ఇది మిక్కిలి ఉపయోగకరము. ఈ రెండు విధముల యంత్రములను చెరచునది నీరే.

ఈ నీరెక్కడిది? 1 లీటరు పెట్రోలు మండినచో సుమారు 1 లీటరు నీరు ఆవిరి రూపమున పుట్టును. గోబర్ గ్యాసు పేడనీటి నుండి వచ్చును గనుక ఆవిరితో నిండియుండును. తొట్టిలో 35 డిగ్రీల సెంటిగ్రేడు వేడి గల గ్యాసు గొట్టములో 25 డిగ్రీలకు చల్లబడినచో, ప్రతి ఘనపు మీటరుకు సుమారు 17 గ్రాముల ఆవిరి నీరుగా మారును. అన్నపుగిన్నె మూతకు పట్టు చెమ్మ వంటిదే ఇది.

దీనివలన యంత్రము చెడుటయే కాదు, తప్పు లెక్క చూపును. హైడ్రోజన్ సల్ఫైడు కొంత నీటిలో కరగిపోవును. యంత్రములో ఉన్నదానికన్న తక్కువగా కనబడును. ఆ అంకెను నమ్మినచో ఇంజను భాగములు తుప్పుపట్టును. ప్రాణమునకే ముప్పు రావచ్చును. ఈ విషవాయువు హెచ్చుగా నున్నచోట ముక్కు వాసన పట్టజాలదు. కావున వాసన లేదని ధైర్యపడరాదు.

పాటించవలసిన జాగ్రత్తలు:

1. గ్యాసు మొదట నీరు పట్టు సీసాలోనికి, అటుపిమ్మట వడపోతకు, చివరకు యంత్రమునకు పోవునట్లు అమర్చవలెను.

2. గొట్టము పొట్టిగా, సీసా వైపు వాలుగా నుండవలెను. యంత్రము సీసాకంటె ఎత్తున నుండవలెను.

3. ప్రతి పరీక్షకు ముందు సీసాలోని నీరు పారబోయవలెను. తడిసిన వడపోతను మార్చవలెను.

4. తేమ తీయుటకు సున్నము వాడరాదు. అది హైడ్రోజన్ సల్ఫైడును కూడ పీల్చివేయును.

5. గొట్టపు కొనను పేడనీటికి తగులనీయరాదు.

6. పరీక్ష ముగిసిన పిమ్మట 5 నిమిషములు శుభ్రమైన గాలిని లాగనిచ్చి, యంత్రమును ఆపవలెను.

నీరు లోనికి పోయినచో వెంటనే యంత్రమును ఆపవలెను. నోటితో ఊదుట, పంక్చరు షాపులో గాలి కొట్టించుట తగదు; లోపలి సున్నితమైన భాగములు పాడగును. బాగుచేయించి, పాళ్ళు తెలిసిన గ్యాసుతో సరిచూపించిన తరువాతనే వాడవలెను.

యంత్రము ఎంత మంచిదైనను, దాని అంకె నొక్కదానినే నమ్మి ఎవరును గ్యాసు తొట్టిలోనికి దిగరాదు.