కోర్టులో కట్టిన జరిమానా ఎవరికి చేరుతుంది?

వేలూరు సత్తువాచ్చారి కోర్టుల సముదాయంలో గాని, గుడియాత్తం మేజిస్ట్రేటు కోర్టులో గాని జరిమానా చెల్లించిన వ్యక్తి చేతికి వచ్చేది ఒక రసీదు. ఆ సొమ్ము పోలీసులకు పోతుందని కొందరు, దెబ్బలు తిన్నవారికి దానంతట అదే అందుతుందని మరికొందరు భావిస్తారు. రెండూ పొరపాటే. కోర్టు విధించిన జరిమానా ప్రభుత్వ ఖజానాలో జమయి, రాష్ట్ర సంచిత నిధిలో కలుస్తుంది. ప్రభుత్వ లెక్కలలో న్యాయపరిపాలన శీర్షిక కింద ‘జరిమానాలు, జప్తులు’ అనే ప్రత్యేక పద్దు ఇందుకోసమే ఉంది. ఠాణాకు అందులో వాటా లేదు.

రహదారిపై వాహనం ఆపి వసూలు చేసే మొత్తం వేరు. అది మోటారు వాహనాల చట్టం 200వ సెక్షను కింద కేసును కోర్టు దాకా పోనీయక ముగించే రాజీ రుసుము. ఒడుగత్తూరు నుండి వేలూరుకు రోజూ బండిపై పనికి వచ్చే వ్యక్తి అయినా, చిత్తూరు, పలమనేరు వైపు నుండి వచ్చే డ్రైవరు అయినా, డబ్బు ఇచ్చిన చోటనే చలానా రసీదు అడిగి తీసుకోవడం మంచిది. రసీదు లేని చెల్లింపు ఏ లెక్కలోనూ ఉండదు.

2024 జులై 1 నుండి దేశమంతటా భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులో ఉన్నది. కనుక ఈ విషయంలో సరిహద్దుకు అటూ ఇటూ నియమాలు ఒకటే. దీని ప్రకారం మొదటి తరగతి మేజిస్ట్రేటు 50,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. పాత చట్టంలో ఆ పరిమితి 10,000 రూపాయలే.

రోజు కూలీకి ఈ పెంపు చిన్నది కాదు. అయితే వెంటనే కట్టలేనివారికి చట్టం ఒక వెసులుబాటు కల్పించింది. శిక్ష జరిమానా మాత్రమే అయి, కట్టకుంటే జైలు అని తీర్పు ఉన్నప్పుడు, 464వ సెక్షను కింద కోర్టు 30 రోజుల గడువు ఇవ్వవచ్చు. లేదా రెండు మూడు వాయిదాలలో చెల్లించుటకు అనుమతించవచ్చు. అందుకు బాండు రాసి ఇవ్వాలి. ఇది అడిగితేనే దొరికే వెసులుబాటు. అప్పటికప్పుడు వడ్డీకి అప్పు తెచ్చి కట్టే ముందు, న్యాయవాది ద్వారానో స్వయంగానో గడువు కోరడం మేలు.

కట్టనివారి విషయంలో కోర్టు చరాస్తిని జప్తు చేసి అమ్మించవచ్చు. భూమిశిస్తు బకాయి వలె వసూలు చేయమని జిల్లా కలెక్టరుకు వారంటు పంపవచ్చు. జరిమానాకు బదులుగా విధించిన జైలు శిక్షను పూర్తిగా అనుభవించిన వ్యక్తిపై మాత్రం, ప్రత్యేక కారణాలు ఉంటేనో, నష్టపరిహారం ఇమ్మని ఉత్తరువు ఉంటేనో తప్ప, అలాంటి వారంటు జారీ చేయరాదు. జైలులో ఉండగా కొంత సొమ్ము కట్టినా ఫలితం ఉంటుంది. 6,000 రూపాయల జరిమానాకు మూడు నెలల జైలు అనుకుంటే, 4,000 కట్టిన వ్యక్తికి మిగిలేది మూడో వంతు, అనగా ఒక్క నెల. ఈ లెక్క తెలియక, పూర్తి మొత్తం పోగయ్యే దాకా ఆగే కుటుంబాలే నష్టపోతాయి. జరిమానా కట్టలేక జైలులోనే మిగిలిపోయిన పేదలకు 25,000 రూపాయల వరకు సహాయం చేసే కేంద్ర పథకం 2023 నుండి ఉన్నది. దీనికి జిల్లా న్యాయసేవాధికార సంస్థను సంప్రదించవచ్చు. ఫోను నంబరు 15100.

ఇక బాధితుల సంగతి. 395వ సెక్షను ప్రకారం వసూలైన జరిమానా నుండి కేసు నడిపిన ఖర్చును, నష్టపోయినవారికి పరిహారాన్ని ఇప్పించే అధికారం కోర్టుకు ఉన్నది. దొంగసొత్తు అని తెలియక నమ్మి కొన్నవారు, ఆ వస్తువును అసలు యజమానికి అప్పగించవలసి వచ్చినప్పుడు, వారికి కూడా ఇందులో నుండి ఇప్పించవచ్చు. జరిమానా విధించని కేసులో సైతం విడిగా పరిహారం ఇమ్మని ముద్దాయిని ఆదేశించవచ్చు. ప్రతి క్రిమినల్ కేసులో పరిహారం సంగతి ఆలోచించడం కోర్టుల విధి అని సుప్రీంకోర్టు 2013లో అంకుశ్ శివాజీ గైక్వాడ్ కేసులో స్పష్టం చేసింది. అయినను తీర్పులో ఆ వాక్యం లేకపోతే సొమ్మంతా ఖజానాకే పోతుంది. అందువల్ల ఆసుపత్రి బిల్లులు, పోయిన కూలి లెక్కలు తీర్పునకు ముందే ప్రభుత్వ న్యాయవాదికి అందజేయాలి. ఉత్తరువు వచ్చిన తరువాత కూడా అప్పీలు గడువు ముగిసే వరకు, అప్పీలు వేస్తే అది తేలే వరకు, ఆ జరిమానా నుండి పరిహారం చేతికి రాదు. మేజిస్ట్రేటు తీర్పుపై సెషన్స్ కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు.

కోర్టు ఖర్చులను శిక్ష పడిన ప్రతివారిపై మోపే పద్ధతి మన దేశంలో లేదు. పోలీసులు తమంతట తాము పట్టుకోదగని చిన్న నేరంపై ఫిర్యాది నేరుగా కోర్టుకు వెళ్లి గెలిచినప్పుడు మాత్రం, అతని సమన్ల రుసుము, సాక్షుల ఖర్చు, వకీలు ఫీజు ముద్దాయి చేత ఇప్పించవచ్చు. కట్టకుంటే 30 రోజుల వరకు సాధారణ జైలు.

ఇక్కడి కింది కోర్టుల వ్యవహార భాష తమిళం. తమిళం చదవలేని తెలుగువారు తమకు అర్థం కాని కాగితంపై సంతకం చేయనవసరం లేదు. సాక్ష్యాన్ని తమకు తెలిసిన భాషలో వినిపించమని అడగవచ్చు. ముద్దాయి దరఖాస్తు పెట్టుకుంటే, వీలున్నంత వరకు తీర్పు ప్రతిని అతని భాషలోనే ఇవ్వాలని 404వ సెక్షను చెబుతున్నది.