కొబ్బరి నీళ్లూ వద్దంటే

ఇచ్ఛాపురం, సోంపేట, పలాసల నుంచి విశాఖ వెళ్లే బస్సులకు పదహారో నంబరు జాతీయ రహదారి మీద శ్రీకాకుళం దాటాక ఎచ్చెర్ల వస్తుంది. ఏళ్ల తరబడి ఆ బస్సుల్లో రక్తం శుభ్రం చేయించుకోవడానికి, అంటే డయాలిసిస్‌కు, వెళ్లేవాళ్లు కొందరు ఉండేవారు. పలాస నుంచి విశాఖకు సుమారు 180 కిలోమీటర్లు. డయాలిసిస్ వారానికి రెండు మూడుసార్లు, ఒక్కో విడతకు దాదాపు నాలుగు గంటలు. రోగికి తోడు ఒకరు వెళ్లాలి. ఆ రోజు ఆ తోడు మనిషి కూలీ కూడా పోయినట్టే.

వాళ్లలో చాలామందిది శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం. ‘ఉద్యానం’ అన్న మాటే వాడుకలో ఇలా మారిందంటారు. కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస తోటలే. అంత పచ్చటి నేల మీద 1990ల నుంచి మూత్రపిండాలు చెడిపోతున్న మనుషులు వరసగా కనిపించసాగారు. కిడ్నీ జబ్బు అనగానే షుగరు, బీపీ గుర్తొస్తాయి. ఇక్కడ ఆ రెండూ లేని రైతులకు, కూలీలకు వచ్చింది. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని వరి రైతుల్లో, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు నరికే కూలీల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. అన్నీ ఎండలో ఒళ్లు వంచి పనిచేసే చోట్లే. నీటిలోని సిలికా, పురుగుమందులు, వడదెబ్బ, నొప్పి మాత్రలు, ఇలా అనుమానితులు చాలామంది ఉన్నా, దోషి ఇదేనని ఇంతవరకు తేలలేదు.

కారణం తేలకపోయినా చికిత్స దగ్గరకు వచ్చింది. డయాలిసిస్ రోగులకు నెలకు పదివేల రూపాయల పింఛను 2019 నుంచి అందుతోంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని శుద్ధిచేసి ఉద్దానం ఊళ్లకు ఇచ్చే సుమారు 700 కోట్ల రూపాయల పథకమూ అదే రోజు మొదలైంది. ఇవి పెద్ద అడుగులే, సందేహం లేదు. అయితే యంత్రం తనంతట తాను వైద్యం చేయదు. దాని పక్కన నిలబడే మనిషి గురించి మాత్రం మనం తక్కువ మాట్లాడుకుంటాం.

డయాలిసిస్ గదిలో మొదటి పని తూకం. మూత్రం రానివారికి తాగిన నీరంతా ఒంట్లోనే ఉంటుంది, లీటరు నీరంటే కిలో బరువు. పోయినసారి యంత్రం దిగినప్పటి బరువుతో ఇవాళ్టి బరువు పోల్చి, ఎంత నీరు తీయాలో లెక్కకడతారు. ఎక్కువ తీస్తే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. తక్కువ తీస్తే రాత్రికి ఆయాసం. “ఏటి తాతా, నీరెక్కువ తాగీసినావా?” అని నర్సు నవ్వుతూ అడిగే ఆ ప్రశ్నలో వైద్యం సగం ఉంది. మందలిస్తే రోగి వచ్చేసారి అబద్ధం చెబుతాడు.

తరువాత చెయ్యి. మోచేతి దగ్గరో మణికట్టు దగ్గరో ధమనిని, సిరను కలిపి కుట్టిన చోటును ఫిస్టులా అంటారు. డయాలిసిస్ సూదులు అక్కడే గుచ్చుతారు. వేలు పెడితే లోపల రక్తం జరజరా పారుతున్న అదురు తెలుస్తుంది. రోజూ పొద్దున్నే దాన్ని తడిమి చూసుకోవాలి, అదురు ఆగితే ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, సెలైన్ ఎక్కించకూడదు, ఆ చేత్తో బరువులు మోయకూడదు. కొబ్బరికాయల బస్తాలు ఎత్తి బతికిన మనిషికి ఈ మాట ఒకసారి చెబితే సరిపోదు. వచ్చిన ప్రతిసారీ గుర్తుచేసేది నర్సే.

తిండి సంగతి ఇంకా కష్టం. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటకు పంపలేదు. రక్తంలో అది పెరిగితే గుండె లయ తప్పి, ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. కొబ్బరి చెట్ల నీడలో పుట్టి పెరిగినవాడికి, ఇంటికొచ్చిన చుట్టానికి బొండాం కొట్టి ఇచ్చే ఊరిలో, నువ్వు మాత్రం తాగొద్దని చెప్పాలి. అది ఒక చీటీ మీద రాసిస్తే అయిపోయే పని కాదు. కూర ముక్కలను ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం కొంత పోతుందని ఇంట్లో వంట చేసే ఆమెను కూర్చోబెట్టి చెప్పాలి. అందుకు సమయం కావాలి. ఒక్క నర్సు గదినిండా రోగులను చూసుకోవలసి వస్తే మొదట పోయేది ఆ సమయమే.

సమయంతో పాటు ముందుచూపూ కావాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్నే దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఒక్క విడత డయాలిసిస్‌కు దాదాపు 120 లీటర్ల శుద్ధ జలం కావాలి, కరెంటు కావాలి. తుపాను హెచ్చరిక రాగానే రోగులకు ఫోన్లు చేసి, విడతను ఒకరోజు ముందుకు జరిపే పద్ధతి ప్రతి కేంద్రంలోనూ రాతపూర్వకంగా ఉండాలి. గాలివాన వచ్చాక చేయగలిగేది చాలా తక్కువ.

డయాలిసిస్ దాకా రానివ్వకుండా ఆపడం అన్నిటికంటే ముఖ్యం. ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు, కాళ్లు వాయవు. కిడ్నీల పనితనం దాదాపు సగం పోయేదాకా, దాన్ని పట్టిచ్చే క్రియాటినిన్ కూడా రక్తంలో పెద్దగా పెరగదు. కాబట్టి ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిరిగి, ఏటేటా పరీక్ష చేయించి, పోయిన ఏటి అంకెతో పోల్చాలి. నికరాగువాలో చెరకు కూలీలకు నీళ్లు, విశ్రాంతి, నీడ కల్పించే ప్రయత్నం సాగుతోంది. జీడి తోటల్లోనూ అదేమీ అసాధ్యం కాదు. ఒళ్లు నొప్పులకు కొట్టులో కొని మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ బిళ్లల గురించి హెచ్చరించేది కూడా ఆ ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలే.

భవనం ఒకసారి కడితే నిలుస్తుంది. నర్సు పోస్టు భర్తీ చేసి, ప్రతి నెలా జీతమిచ్చి నిలుపుకోవాలి. జిల్లాకు ఇప్పుడు కావలసింది అదే. ఎచ్చెర్లయినా ఇచ్ఛాపురమైనా, ఎండలో పనిచేసే మనిషి మీ ఇంట్లో ఉంటే దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి క్రియాటినిన్ పరీక్ష అడగండి. ఆ కాగితం పారేయకండి, వచ్చే ఏటి పరీక్షకు దాన్ని చేతపట్టుకుని వెళ్లండి.