లండనులో నెచ్చట దిగవలెను?

పూర్వము దూరదేశములకు బోవువారు రేవుపట్టణము చేరి ఓడ యెక్కెడివారు. పట్టణమునకు రేవు సామాన్యముగా ఒక్కటే గావున, ఎచ్చట నెక్కవలెను, ఎచ్చట దిగవలెనను సందేహము వారికి కలిగెడిది కాదు. నేటి విమానయాత్రికునకు ఆ నిశ్చింత లేదు. లండను, న్యూయార్కు, టోక్యో, ప్యారిస్ వంటి మహానగరములకు రెండేసి, మూడేసి, అంతకంటె నెక్కువ విమానాశ్రయములును కలవు. 2025 అక్టోబరులో నవీ ముంబాయి విమానాశ్రయము ప్రారంభమగుటతో మన దేశపు యాత్రికులకును ఈ చిక్కు దగ్గరకు వచ్చినది. టికెట్టుపై నగరము పేరు చూచుకొని సంతోషించిన చాలదు. అది ఆ నగరములోని ఏ విమానాశ్రయమో చూడవలెను.

హైదరాబాదు నుండి కరీబియను దీవులలో నొకదానికి వైద్యవిద్య నభ్యసింప బోవు విద్యార్థి యొకడున్నాడనుకొనుడు. వెల తగ్గునను నాశతో తండ్రి రెండు టికెట్లను వేర్వేరుగా కొన్నాడు. మొదటిది హైదరాబాదు నుండి లండనునకు, రెండవది లండను నుండి ఆ దీవికి. రెంటి నడుమ నాలుగు గంటల వ్యవధి యున్నది. నాలుగు గంటలనగా భోజనము చేసి, కొంతసేపు నడుము వాల్చుటకు గూడ చాలునని ఇంటిల్లిపాదియు తృప్తిపడినారు. అయితే మొదటి విమానము దిగునది హీత్రోలో. రెండవది బయలుదేరునది గాట్విక్ నుండి. రెంటికిని నడుమ రోడ్డుదారి సుమారు 65 కిలోమీటర్లు. ఈ విద్యార్థి సంగతి యేమగునో తెలియవలెనన్నచో ముందుగా లండను విమానాశ్రయముల స్వభావము తెలియవలెను.

లండను పేరుతో చెలామణి యగు విమానాశ్రయములు ఆరు. నగరమధ్యమునకు పడమట సుమారు 23 కిలోమీటర్ల దూరమున హీత్రో, దక్షిణమున సుమారు 45 కిలోమీటర్ల దూరమున గాట్విక్, ఉత్తర దిక్కున లూటన్, ఈశాన్యమున స్టాన్‌స్టెడ్, తూర్పున సముద్రతీరము చెంత సౌథెండ్ ఉన్నవి. ఆరవదియైన సిటీ విమానాశ్రయము నగరములోనే, థేమ్సునది పాతరేవుల నడుమ 1987లో ఏర్పడినది. ఈ ఆరింటికిని కలిపి విమానసంస్థలు ‘ఎల్.ఓ.ఎన్.’ అను ఒకే గుర్తును వాడుదురు. ఒక్కొక్క విమానాశ్రయమునకు వేరు గుర్తు కలదు. హీత్రో ‘ఎల్.హెచ్.ఆర్.’, గాట్విక్ ‘ఎల్.జి.డబ్ల్యు.’. యాత్రికుడు టికెట్టుపై వెదకవలసినది ఈ రెండవ గుర్తునే.

మొదట లండనునకు ఇన్ని లేవు. రెండవ ప్రపంచ యుద్ధమునకు పూర్వము ముఖ్యమైన విమానాశ్రయము దక్షిణభాగములోని క్రాయిడన్. 1929 మార్చి 30వ తేదీన ఇండియాకు తొలి విమానయానము అక్కడినుండియే మొదలైనది. అది కరాచీ వరకు సాగెడిది. దారిలో కొంతమేర యాత్రికులు రైలులో గూడ పోవలసియుండెను. మొత్తముమీద వారము దినములు పట్టెడిది. కరాచీలో దిగిన తపాలాను ముందునకు గొనిపోవుటకు 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా బొంబాయి వరకు స్వయముగా విమానము నడపినాడు. అక్కడి నుండి ఆయన సహచరుడు నెవిల్ విన్సెంట్ దానిని బళ్లారి మీదుగా మద్రాసు చేర్చెను. క్రాయిడనులో బయలుదేరిన ఉత్తరము ఆ విధముగా తెలుగువారెరిగిన బళ్లారి మైదానమును తాకినది. కాని క్రాయిడన్ పచ్చికబయలే. చుట్టును ఇండ్లు పెరిగినందున దానిని విస్తరింప వీలులేకపోయినది. 1959లో అది మూతపడినది. నగరమునకు మరీ చేరువగా నుండుట విమానాశ్రయమునకు మొదట సౌఖ్యము, తరువాత సంకటము.

హీత్రో పుట్టుక మరింత విచిత్రము. ‘హీత్ రో’ యనునది ఒక చిన్న పల్లె. చుట్టును సారవంతమైన భూములు. లండను నగరమునకు కూరగాయలును, పండ్లును పండించు తోటలు. 1944లో యుద్ధావసరములకను పేరున, యుద్ధకాలపు ప్రత్యేకాధికారముల క్రింద ప్రభుత్వము ఆ భూములను స్వాధీనము చేసికొని, ఇండ్లను కూలగొట్టించినది. విమానాశ్రయము పూర్తికాకముందే యుద్ధము ముగిసినది. నాడు వైమానికశాఖలో ఉపమంత్రిగా నుండిన హెరాల్డ్ బాల్ఫర్ 1973లో ప్రకటించిన తన స్వీయచరిత్రలో అసలు సంగతి నొప్పుకొన్నాడు. యుద్ధముతో నిమిత్తము లేకుండ, పౌరవిమానములకై యా స్థలమును కోరిరనియు, సాధారణపద్ధతిలో నైనచో దీర్ఘవిచారణలు జరుగునని యీ మార్గమును త్రొక్కిరనియు ఆయన మాటల సారాంశము. తోటలు కోల్పోయిన రైతులకు ఈ యొప్పుదల ఇరువది తొమ్మిదేండ్లకు వినబడినది. పంటభూమిని కోల్పోయిన ఊళ్లు మన ప్రాంతమున గూడ లేకపోలేదు గావున, ఈ వృత్తాంతము మనవారికి క్రొత్తగా తోపదు.

1946 జనవరి 1వ తేదీన హీత్రో నుండి లేచిన మొదటి పౌరవిమానము దక్షిణ అమెరికాలోని బ్యూనస్ ఐరిస్‌నకు బయలుదేరినది. దీర్ఘయానముతోనే యా విమానాశ్రయమునకు ప్రారంభోత్సవమైనదన్నమాట. నాడు యాత్రికులు కూర్చుండుటకు సైనికుల గుడారములే దిక్కు. వాన కురిసినచో బురదపై పరచిన చెక్కలమీద నడచి విమానము చేరెడివారు. 1948 జూన్ 8న బొంబాయిలో బయలుదేరిన ఎయిరిండియా వారి ‘మలబార్ ప్రిన్సెస్’ లండనునకు మన దేశపు విమానసంస్థ నడపిన తొలి విమానము.

గాట్విక్ తొలుత గుఱ్ఱపుపందెముల మైదానము ప్రక్కనున్న చిన్న విమానక్షేత్రము. దానిని పెద్దదిగా నిర్మించి 1958 జూన్ 9న ఎలిజబెత్ రాణి ప్రారంభించినది. రైలుస్టేషను విమానాశ్రయమును అంటియే యుండుట దాని గొప్పతనము. దీర్ఘయానములు పెక్కు అక్కడికి మరలుటకు కారణము ప్రభుత్వపు నిబంధనలు. 1977లో అమెరికా, బ్రిటనుల నడుమ కుదిరిన ఒడంబడిక ననుసరించి అమెరికా సంస్థలలో రెండింటికి మాత్రమే హీత్రోలో దిగు హక్కు కలిగెను. తక్కినవి గాట్విక్‌నకు పోవలసివచ్చెను. 2008 మార్చిలో నూతన ఒడంబడిక అమలునకు రాగానే అనేక సంస్థలు హీత్రోకు మరలినవి. అదే 1977లో సెప్టెంబరు 26న ఫ్రెడ్డీ లేకరు అను సాహసి గాట్విక్ నుండి న్యూయార్కుకు 59 పౌనులకే టికెట్టు ఇచ్చి సామాన్యులను అట్లాంటికు దాటించినాడు. 1982లో ఆయన సంస్థ దివాలా తీసినది గాని, తక్కువ ధరల దీర్ఘయానమనగా గాట్విక్ అను పేరు మాత్రము నిలిచినది.

ఇప్పుడు దీర్ఘయాన విమానములకు ఏమి కావలెనో చూడవలెను. బోయింగు 777 జాతిలో పెద్దదైన విమానము నిండుబరువుతో 351 టన్నుల వరకు తూగును. అందు 145 టన్నుల వరకు ఇంధనమే కావచ్చును. అనగా విమానము మోయు బరువులో పెద్దభాగము అది దారిలో త్రాగబోవు నూనెయే. ఇంత బరువుతో పైకెగురుటకు దీర్ఘమైన రన్‌వే, అనగా పరుగుబాట, అవసరము. హీత్రోలో రన్‌వేలు రెండు. వాని పొడవులు 3,902, 3,658 మీటర్లు. గాట్విక్ ముఖ్య రన్‌వే 3,316 మీటర్లు. సిటీ విమానాశ్రయములో నున్నది 1,508 మీటర్లు మాత్రమే. అయినను 2009 నుండి 2020 వరకు బ్రిటిషు ఎయిర్‌వేస్ అక్కడినుండి న్యూయార్కుకు ఒక చిన్న విమానమును నడపినది. అందు ముప్పదిరెండే సీట్లు. నిండుగా ఇంధనము నింపినచో ఆ పొట్టి బాటపై లేవజాలదు గావున, కొద్దిగా నింపుకొని ఐర్లండులోని షానన్‌లో దిగి, అచ్చట మిగిలినది నింపుకొనెడిది. ఆ విరామములోనే యాత్రికులు అమెరికా ప్రవేశపరీక్షను గూడ ముగించుకొనెడివారు. తిరుగుప్రయాణములో తేలికగా దిగవచ్చును గావున నడుమ ఆగనక్కరలేదు. రన్‌వే పొడవు ప్రయాణమును ఎట్లు శాసించునో తెలియుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము దొరకదు.

పొడవైన బాట గాట్విక్‌లోను కలదు గదా, మరి హీత్రోకే అంత గిరాకి యేల? దీర్ఘయాన విమానమును ఒక్క లండను వాసులతోనే ప్రతిదినము నింపుట కష్టము. చుట్టుప్రక్కల దేశములనుండి చిన్నవిమానములలో వచ్చి చేరువారు అందెక్కవలెను. ఎక్కువ విమానములు కలియు చోటికే మరికొన్ని వచ్చును. సంతకు సంత యేర్పడినట్లే. 2024లో హీత్రోను 8 కోట్ల 39 లక్షల మందియు, గాట్విక్‌ను 4 కోట్ల 32 లక్షల మందియు ఉపయోగించిరి. హీత్రోలో సంవత్సరమునకు 4,80,000 మించి విమానములు ఎగురుట, దిగుట జరుగరాదని నిబంధన. రాత్రి పదునొకొండున్నర నుండి ఉదయము ఆరు వరకు ఏడాదికి 5,800 మాత్రమే అనుమతింతురు. చుట్టుప్రక్కల ప్రజల నిద్ర కొరకు ఈ కట్టుబాటు. అందుచే అచ్చట దిగుటకు కేటాయింపబడిన వేళలు బంగారమువలె విలువైనవి. వాటిని ‘స్లాట్లు’ అందురు. నూటికి ఎనుబది వంతులైనను వాడుకొనని సంస్థ తన వేళను కోల్పోవును. 2016లో ఒక సంస్థ రెండు వేళలకై, రాకకొకటి, పోకకొకటి, ఏడున్నర కోట్ల డాలర్లు చెల్లించినట్లు పత్రికలు ప్రకటించినవి. మూడవ రన్‌వే నిర్మాణమునకు 2018లో పార్లమెంటు సమ్మతించినను, న్యాయస్థానములలో వివాదము సాగినది. 2025 జనవరిలో ప్రభుత్వము మరల తన మద్దతు ప్రకటించినది. ఆ చెంతనున్న హార్మండ్స్‌వర్త్, సిప్సన్ గ్రామములవారు తమ యిండ్లకు ఏమి మూడునోయని యేండ్ల తరబడి దిగులుతో నున్నారు. గాట్విక్ తన రెండవ బాటను నిత్యమును వాడుకొనుటకు 2025 సెప్టెంబరులో అనుమతి లభించినది.

యాత్రికునకు మరియొక విచారము నేలపై ప్రయాణము. హీత్రోకు భూగర్భ రైలు 1977లో వచ్చినది. 1998 నుండి ప్యాడింగ్టన్ స్టేషనుకు పదునైదు నిమిషములలో చేర్చు రైలు గలదు. నగరము నడుమగా పోవు ఎలిజబెత్ మార్గము 2022లో తెరువబడినది. గాట్విక్ దూరమైనను విక్టోరియా స్టేషనుకు అరగంటయే పట్టును. కాబట్టి కిలోమీటర్లు లెక్కించుటకంటె, బసచేయవలసిన యిల్లు నగరములో ఏ దిక్కున నున్నదో తెలిసికొనుట మేలు. లండను దక్షిణమున బంధువులున్నవారికి గాట్విక్ దగ్గర. పడమట సౌతాల్, హౌన్‌స్లో ప్రాంతములలో నున్నవారికి హీత్రో ఇంటిముంగిలి. టికెట్టుపై రెండు, మూడు వేలు ఆదాచేసి, అర్ధరాత్రివేళ టాక్సీకి అంతకు రెట్టింపు చెల్లించువారు లేకపోలేదు.

ఇక ఈ రెంటి నడుమ రాకపోకలు. 1978 నుండి 1986 వరకు హెలికాప్టరు నడచినది. పదునైదు నిమిషములలో చేర్చెడిది. క్రింది ఊళ్లవారు చప్పుడు భరింపలేక మొరపెట్టుకొనిరి. నగరము చుట్టును ఎం 25 అను వలయమార్గము పూర్తికావచ్చినందున, దానిని ఆపివేసిరి. నేడు నేరుగా పోవు రైలు లేదు. ఫారింగ్డన్ స్టేషనులో రైలు మారవలెను. లేనిచో బస్సు. దారి సుగమముగా నున్నచో గంటసేపు. వాహనములు క్రిక్కిరిసినచో ఎంతయో చెప్పరాదు.

మన విద్యార్థి నాలుగు గంటలను ఇప్పుడు లెక్కింపవచ్చును. విమానము దిగి, ప్రవేశాధికారుల వరుసలో నిలిచి, పెట్టెలు తీసికొని బయటకు వచ్చుటకు గంట, గంటన్నర. బస్సునకై నిరీక్షణ, ప్రయాణము కలిసి మరి గంటన్నర. గాట్విక్‌లో మరల పెట్టెలు అప్పగించి, తనిఖీ ముగించుకొనవలెను. దీర్ఘయానమునకు పెట్టెల స్వీకరణ విమానము లేచుటకు గంట ముందుగనే ముగియుట వాడుక. మొదటి విమానము అరగంట ఆలస్యమైనను లెక్క తప్పును. టికెట్లు వేర్వేరు గావున, తప్పిపోయిన విమానమునకు ఏ సంస్థయు జవాబుదారి కాదు. రెండు టికెట్లును ఒకటిగా కొన్నను, విమానాశ్రయము మారినచో పెట్టెలను తానే మోసికొని పోవలెను.

ఇంతకంటె కఠినమైనది మరొకటి కలదు. ఒక విమానాశ్రయము నుండి మరొకదానికి బోవుటయనగా బ్రిటనులో కాలుపెట్టుటయే. భారతీయులకు సామాన్యముగా అందుకు వీసా కావలెను. కొన్ని దేశముల వీసాలు గలవారికి మినహాయింపులున్నవి గాని, ఆ నిబంధనలు తరచుగా మారుచుండును. హీత్రోలోనే యుండి మరొక విమానము ఎక్కువారికి గూడ తరచుగా వేరొక అనుమతి అవసరమగును. టికెట్టు కొనుటకు ముందు బ్రిటిషు ప్రభుత్వపు ప్రకటనలు చూచుకొనుట ఆ తండ్రి చేయవలసిన మొదటిపని. చూచియుండినచో బహుశః లండను మాటయే యెత్తక, వేరొక దారిన కుమారుని పంపియుండును. వీసా లేని యాత్రికుని విమానసంస్థ ఎక్కించుకొనదు. ఆ విద్యార్థి నాలుగు గంటలలో గాట్విక్ చేరగలడా యను ప్రశ్న పుట్టకముందే, శంషాబాదులో పెట్టెలు తూచు బల్లయొద్ద, తల్లిదండ్రులు కంచె కావల నిలిచి చూచుచుండగా, అతని ప్రయాణము నిలిచిపోవును.