గాలం వేసే చేప

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, భిలాయి వైశాలి నగర్‌లో నివసించే మనకు చేపల పెంపకమనగానే గోల్డ్‌ఫిష్, గప్పీలు స్ఫురిస్తాయి. కొంత అనుభవం కలిగిన పిదప సముద్రపు చేపలపై మనసు పోవడం సహజమే. వాటిలో మిక్కిలి విచిత్రమైనది ఫ్రాగ్‌ఫిష్, అనగా కప్పచేప.

వెచ్చని సముద్రాలలో సుమారు 50 జాతులుగా ఉన్న ఈ చేప ఈదడం తక్కువ. రెక్కలను కాళ్ళవలె మోపి నడుస్తుంది. నాచుపట్టిన రాయివలె కదలక కూర్చుని, తలపై ముల్లును గాలపు కర్రగా ఆడిస్తుంది. దాని కొనన ఉన్న తునకను పురుగని భ్రమించి దరిచేరిన చేపను సెకనులో వెయ్యింట 6 వంతుల కాలంలో మింగివేస్తుంది! తనంత చేపనైనా విడువదు.

కనుక ఇంటి తొట్టెలో దీనిని ఒంటరిగానే ఉంచాలి. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల సముద్రలవణ మిశ్రమం కలపాలి. వంట ఉప్పు పనికిరాదు. మలినాలను హరించే సూక్ష్మజీవులు ఫిల్టరులో వృద్ధి చెందడానికి 4 నుండి 6 వారాలు పడుతుంది. అంతవరకు చేపను తేరాదు. పెరిగిన చేపకు వారానికి రెండు మూడు మార్లు మేత చాలు. చౌక అని నిత్యం గప్పీలనే మేపితే కాలేయం చెడుతుంది.

అంగళ్ళకు వచ్చే ఫ్రాగ్‌ఫిష్‌లు దాదాపు అన్నీ సముద్రంలో పట్టినవే. మన తొందరపాటుతో ఒకటి మరణిస్తే, దాని స్థానంలోకి కడలి నుండి మరొకటి రావాలి. కొలిమి వేడెక్కనిదే లోహం కరగదని ఎరిగిన ఉక్కు కుటుంబాల వారం మనం. ఆరు వారాలు ఖాళీ తొట్టెను చూస్తూ ఓపిక పట్టగలిగిననాడే ఈ అతిథిని ఆహ్వానిద్దాం.