పెట్టె మూగబోతే... పారేయకండి!

టీవీ చూస్తే గోడంత... దాని గొంతు చూస్తే గుప్పెడంత! ఆ లోటు తీర్చడానికే హాల్లోకి సౌండ్‌బార్ వచ్చింది. దానికి జోడీగా సోఫా పక్కకి సబ్‌వూఫర్ చేరింది. ముచ్చటపడి పండక్కి కొన్న ఆ జంట రెండేళ్లు తిరిగేసరికి ఓ సాయంత్రం హఠాత్తుగా మూగబోతుంది. 'బోర్డు పోయిందండీ, కొత్తది కొనుక్కోవడమే' అన్న మాట వినగానే తలూపేయక్కర్లేదు. చాలాసార్లు పోయేది పెట్టె కాదు, అందులో ఉన్న వేలెడంత భాగం. కొన్నిసార్లు అదీ కాదు... టీవీ సెట్టింగుల్లో మారిపోయిన ఒక్క మాట!

తాండవ నదికి ఇవతల పాయకరావుపేట, అవతల తుని. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక ఇది అనకాపల్లి జిల్లా, అది కాకినాడ జిల్లా. కాగితాల మీద ఎన్ని హద్దులున్నా వంతెన మీద రాకపోకలకు అడ్డేమీ లేదు, రెండూ జంట ఊళ్లే. ఇలాంటి ఊళ్లలో ఇప్పుడు ఏ వస్తువు కొనాలన్నా కష్టం లేదు. ఫోన్లో నొక్కితే సౌండ్‌బార్ గుమ్మంలోకి వచ్చేస్తుంది. చిక్కల్లా అది పాడైనప్పుడే. కంపెనీల పెద్ద సర్వీస్ సెంటర్లు ఎక్కువగా నగరాల్లో ఉంటాయి. విశాఖ ఇక్కడికి సుమారు 100 కిలోమీటర్లు. మీటరు పొడవున్న బార్‌నీ, బిందెంత సబ్‌వూఫర్‌నీ బస్సులో వేసుకుని వెళ్లిరావడమంటే ఒకరోజు పని పోయినట్టే. తీరా అక్కడికెళ్లాక 'ఇందులో ఏ లోపమూ లేదు, మీ టీవీలోనే సెట్టింగు మార్చాలి' అంటే? అందుకే జబ్బేమిటో ముందు ఇంట్లోనే కాస్త తెలుసుకోవాలి.

రెండు పెట్టెలు... ఎవరి పని వారిది

మనిషి చెవికి 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల వరకూ వినిపిస్తాయి. మాటలు స్పష్టంగా అర్థమవడానికి ముఖ్యంగా కావాల్సింది 1,000 నుంచి 4,000 హెర్ట్జ్‌ల మధ్య శబ్దాలు. అది బార్ పని. డప్పు దరువు, ఉరుము, పేలుడు లాంటి లోతైన శబ్దాలు ఎక్కువగా 120 హెర్ట్జ్‌ల లోపు ఉంటాయి. అంత లోతైన ధ్వని పుట్టాలంటే గాలిని ఎక్కువగా కదిలించాలి. బార్‌లోని రెండంగుళాల స్పీకర్ల వల్ల అది కాదు. అందుకే పెద్ద స్పీకరూ పెద్ద డబ్బా ఉన్న సబ్‌వూఫర్.

ఒకప్పుడు ఈ అనుభవం థియేటర్‌కే సొంతం. 1974లో హాలీవుడ్ 'ఎర్త్‌క్వేక్' సినిమా కోసం హాళ్లలో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి భూకంపం వచ్చినట్టే కుర్చీలు కదిలించారు. 1986లో కృష్ణ 'సింహాసనం' తెలుగులో తొలి 70 ఎంఎం చిత్రంగా స్టీరియో ధ్వనితో వచ్చింది. ఆ అనుభూతిని ఇంటికి తెచ్చుకోవాలంటే గది నిండా డబ్బాలూ తీగలూ తప్పేవి కావు. వాటన్నింటినీ ఒకే పొడవాటి పెట్టెలో సర్దేయడమే సౌండ్‌బార్ చేసిన మేలు. ఆ సౌకర్యానికి మూల్యం మరమ్మతులో తెలుస్తుంది. విడి డబ్బాల రోజుల్లో ఒకటి పోతే ఒకటే మార్చేవారు. ఇప్పుడు యాంప్లిఫయర్, బ్లూటూత్, స్పీకర్లు, పవర్ సప్లై అన్నీ ఒక్కచోటే. ఒకటి మొరాయిస్తే మొత్తం పోయినట్టే కనిపిస్తుంది.

అట్టపెట్టె మీద అంకెల గారడీ

అట్టపెట్టె మీద కొట్టొచ్చినట్టు కనిపించేది వాట్లు. టూఇన్‌వన్‌ల కాలంలో 'పీఎంపీవో' అంటూ వేల వాట్లు అచ్చేసేవారు. అది రెప్పపాటులో వచ్చే గరిష్ఠ లెక్కే తప్ప నిలకడగా వచ్చే శక్తి కాదు. చూడాల్సింది 'ఆర్ఎంఎస్' అంకె. దాన్ని కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. పక్కనే చిన్న అక్షరాల్లో 'టీహెచ్‌డీ 10 శాతం' అని ఉంటే, ధ్వని బాగా చెదిరిపోయే స్థాయిలో కొలిచారని అర్థం. 1 శాతం దగ్గర కొలిచిన వాట్లే అసలైనవి.

ఇంకో చిట్కా ఉంది. అడాప్టర్‌తో నడిచే బార్ అయితే అడాప్టర్ మీద ఉన్న వోల్టులనీ ఆంపియర్లనీ గుణించండి. 18 వోల్టులు, 3 ఆంపియర్లు అంటే 54 వాట్లు. లోపలికి వెళ్లేదే 54 అయినప్పుడు బయటికి 200 వాట్లు నిలకడగా ఎలా వస్తాయి? కుండలో ఉన్నంతేగా గరిటెకు వచ్చేది!

వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపు కాదు. 3 డెసిబెల్స్ పెరుగుతుందంతే. చెవికి రెండింతలు వినిపించాలంటే దాదాపు పది రెట్ల శక్తి కావాలి. మామూలు హాలుకి 100 వాట్లకూ 200 వాట్లకూ మధ్య తేడా ధరలో కనిపించినంతగా చెవికి తెలియదు.

'2.1', '5.1' అన్న అంకెల్లో చుక్కకు ముందుది స్పీకర్ దారుల లెక్క, తర్వాతది సబ్‌వూఫర్. '5.1.2' అని మూడో అంకె ఉంటే పైకప్పు వైపు ధ్వని పంపే స్పీకర్లున్నాయని. ఇంట్లో అందరి ఫిర్యాదూ 'మాటలు వినబడట్లేదు' అన్నదే అయితే 2.1 కన్నా మధ్యలో మాటల కోసమే ప్రత్యేక స్పీకరున్న 3.1 మేలు.

షాపుకి వెళ్లేముందు...

సౌండ్‌బార్ పలకకపోతే మొదట ఇవి చూడండి. వీటిలో దేనికీ స్క్రూడ్రైవర్ అక్కర్లేదు.

* దీపం వెలగట్లేదా? వేరే సాకెట్‌లో పెట్టి చూడండి. అడాప్టర్ ఉన్న మోడలైతే అదే వోల్టులు, అదే పిన్ను, అంతకు తగ్గని ఆంపియర్లు ఉన్న మరో అడాప్టర్‌తో పరీక్షించవచ్చు. ప్లస్ మైనస్ గుర్తులు కూడా కలవాలి. వోల్టులు తేడా వస్తే ఉన్నది కూడా కాలిపోతుంది.

* దీపం ఉంది, శబ్దం లేదా? హెచ్‌డీఎంఐ తీగ టీవీలో 'ఏఆర్‌సీ' లేదా 'ఈఏఆర్‌సీ' అని రాసి ఉన్నచోటే పెట్టారా? చాలా టీవీల్లో ఆ సౌకర్యం ఒక్క రంధ్రానికే ఉంటుంది. టీవీ సెట్టింగుల్లో 'సీఈసీ' ఆన్‌లో ఉండాలి. ఆడియో ఫార్మాట్‌ని 'పీసీఎం'కి మార్చి చూడండి. టీవీ పంపే డాల్బీ సంకేతం మీ బార్‌కి అర్థం కాకపోతే మౌనమే సమాధానం!

* బ్లూటూత్‌లో పాట వస్తోంది, టీవీ శబ్దం రావట్లేదా? అయితే యాంప్లిఫయరూ స్పీకర్లూ బాగున్నట్టే. తప్పు తీగలోనో సెట్టింగులోనో ఉంది.

* సబ్‌వూఫర్ ఒక్కటే మూగబోయిందా? తీగ లేని రకమైతే వెనకున్న చిన్న దీపం చూడండి. చాలా మోడళ్లలో అది మినుకుమినుకుమంటుంటే బార్‌తో బంధం తెగిందని. రెండింటినీ దగ్గర పెట్టి వెనకున్న 'పెయిర్' మీట నొక్కాలి. వైఫై రౌటర్ పక్కనే ఉంటే దూరం జరపండి.

* రిమోట్ పనిచేయట్లేదా? ఫోన్ కెమెరా తెరిచి దాని ముందు రిమోట్ మీట నొక్కండి. తెరమీద చిన్న వెలుగు కనిపిస్తే రిమోట్ బాగున్నట్టు. కొన్ని ఫోన్ల వెనక కెమెరాకి అది కనిపించదు, ముందు కెమెరాతో చూడాలి.

* 'గుయ్'మని మోతా? కేబుల్ టీవీ తీగ ఊడదీసి చూడండి. మోత ఆగితే జబ్బు పెట్టెలో లేదు, ఎర్తింగ్‌లో ఉంది.

ఏదీ ఫలించకపోతే ప్లగ్గు పీకి పది నిమిషాలు వదిలేసి మళ్లీ పెట్టండి. లోపలి చిన్న కంప్యూటర్ తికమకపడితే అదే సర్దుకుంటుంది.

మూత తీస్తే మెకానికే!

ఇక్కడితో ఇంటివాళ్ల పని ముగిసింది. ప్లగ్గు పీకేశాం కదా అని మూత విప్పొద్దు. మన ఇంటికొచ్చే 230 వోల్టులు పవర్ సప్లై బోర్డులో దాదాపు 325 వోల్టుల డీసీగా మారి పెద్ద కెపాసిటర్‌లో నిల్వ ఉంటాయి. కరెంటు తీసేసిన తర్వాత కూడా కాసేపు అందులో ప్రమాదకరమైన ఛార్జ్ మిగిలి ఉండొచ్చు. తెలిసిన మెకానిక్ ముందు దాన్ని ఖాళీ చేశాకే చెయ్యి పెడతాడు.

అతను మొదట చూసేదీ పవర్ బోర్డునే. ఫ్యూజు కాలిందా, కెపాసిటర్ల నెత్తి ఉబ్బిందా అన్నది. ఈ కెపాసిటర్లకు వేడి బద్ధశత్రువు. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటల ఆయుష్షున్నది, వేడి 10 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ దాదాపు రెట్టింపు కాలం బతుకుతుంది. లోపల 65 డిగ్రీలుంటే సుమారు 32,000 గంటలు. అదే 75 డిగ్రీలైతే అందులో సగమే. సౌండ్‌బార్‌ని ఊపిరాడని షోకేసులో ఇరికించినా, మీద గుడ్డ కప్పినా తరిగేది ఆ ఆయుష్షే. రిమోట్‌తో ఆపి ఊరుకుంటే పవర్ బోర్డు రాత్రంతా మేలుకునే ఉంటుంది. పడుకునేముందు గోడ దగ్గర స్విచ్ ఆపేస్తే వేడీ తగ్గుతుంది, కరెంటూ మిగులుతుంది. సాధారణంగా ఇలాంటి కెపాసిటర్ ధర పదుల రూపాయల్లోనే. దాన్ని మార్చే మెకానిక్ నైపుణ్యానికే అసలు విలువ.

సబ్‌వూఫర్‌లో చూసేవి వేరు. మల్టీమీటర్ పెడితే 4 ఓమ్‌ల స్పీకర్ మూడు, మూడున్నర మధ్య చూపించాలి. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగిపోయినట్టు. కోన్‌ని మెల్లగా వేళ్లతో నొక్కితే గరగరమంటే కాయిల్ రాసుకుంటోందని. కోన్ అంచున ఉండే ఫోమ్ తేమకు పొడిపొడిగా రాలిపోతుంది, రబ్బరుదైతే ఎక్కువకాలం నిలుస్తుంది. స్పీకర్ మార్చాల్సివస్తే సైజుతోపాటు ఓమ్‌లూ సరిపోవాలి. 8 ఓమ్‌లు ఉన్నచోట 4 ఓమ్‌లది బిగిస్తే కొన్నాళ్లు గట్టిగానే మోగుతుంది... ఆ తర్వాత యాంప్లిఫయరే పోవచ్చు.

ఉప్పుగాలి, ఊగే కరెంటు

పాయకరావుపేటకు పెంటకోట తీరం కొద్ది కిలోమీటర్ల దూరమే. సముద్రపు గాలిలోని ఉప్పూ తేమా కలిసి రాగి పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టిస్తాయి. శబ్దం వస్తూపోతూ ఉండటానికి తరచూ అదే కారణం. మెకానిక్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలాసార్లు పెట్టె బతుకుతుంది. నెలల తరబడి వాడకుండా మూల పడేయడం కన్నా వారానికోసారైనా మోగించడమే నయం. లోపల పుట్టే కాస్త వెచ్చదనం తేమను తరిమేస్తుంది. సబ్‌వూఫర్‌కి గాలి పోవడానికుండే గుండ్రటి రంధ్రం బొద్దింకలకీ బల్లులకీ సొంతిల్లు కాకుండా చూసుకోవాలి. అలాగని గుడ్డలు కుక్కితే బేస్ చచ్చిపోతుంది.

రెండో గండం కరెంటు. ఈ తీరానికి తుపానులు కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలు ఎలా నేలకొరిగాయో ఉత్తరాంధ్ర మరచిపోలేదు. పెట్టెలకు కరెంటు పోవడం కన్నా తిరిగి వచ్చే క్షణమే ప్రమాదం. న్యూట్రల్ తీగ తెగితే 230 ఉండాల్సిన చోట 400 వోల్టుల దాకా రావచ్చు. 100-240 వోల్టులకు తయారైన పవర్ బోర్డు దాన్ని తట్టుకోలేదు. గాలివాన మొదలవగానే ప్లగ్గు పీకేయడం పైసా ఖర్చులేని రక్షణ. మంచి సర్జ్ ప్రొటెక్టర్ ఉరుముల ఉధృతికి కొంత అడ్డుపడుతుంది కానీ న్యూట్రల్ తెగినప్పుడు దాన్నే నమ్ముకుంటే కుదరదు. మీటరు దగ్గర ఎక్కువ వోల్టేజీకి తనంతట తాను ఆగిపోయే పరికరం ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకుంటే టీవీ, ఫ్రిజ్ కూడా క్షేమం.

అడగడం మన హక్కు

వారంటీ ఉన్నప్పుడు బయట మూత విప్పిస్తే కంపెనీ చేతులెత్తేస్తుంది. కాబట్టి ముందు బిల్లు తేదీ చూసుకోండి. మోడల్ నంబరూ సీరియల్ నంబరూ బార్ కింద, సబ్‌వూఫర్ వెనక ఉంటాయి. ఫొటో తీసి ఫోన్లో దాచుకుంటే సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసినప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

వారంటీ దాటాక బాగుచేయించేటప్పుడు మెకానిక్‌ని మూడు ప్రశ్నలు అడగాలి. ఏ భాగం పోయింది? బోర్డు మొత్తం మార్చాలా, భాగం ఒక్కటీ మారిస్తే చాలా? తీసేసిన పాత భాగం తిరిగిస్తారా? నిజాయతీగా పనిచేసే మెకానిక్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటుతుంటే అప్పుడు ఆలోచించొచ్చు.

వస్తువుని బాగుచేయించుకునే వీలు కొన్నవారికి ఉండాలన్న ఆలోచన ప్రపంచమంతా బలపడుతోంది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా 2022 జులైలో దీనిపై కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరు 24న 'రైట్ టు రిపేర్' పోర్టల్ ప్రారంభించింది. సర్వీస్ విషయంలో అన్యాయం జరిగిందనిపిస్తే 1915కి ఫోన్ చేయొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్న ధర 5 లక్షల రూపాయల్లోపు అయితే ఫిర్యాదుకి ఫీజు కూడా లేదు.

ఇక ఎంత చేసినా బతకదని తేలిందా... చెత్తకుప్పలో వేయొద్దు. బోర్డుల్లో సీసం లాంటి లోహాలు ఉండొచ్చు. అవి నేలలోకీ నీళ్లలోకీ చేరితే మనకే ముప్పు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని సరిగా వదిలించే బాధ్యత తయారీదారులదే. పారేసే ముందు మాత్రం ఒక్కసారి మెకానిక్‌కి చూపించండి. వేల రూపాయల పెట్టెకీ చెత్తకుప్పకీ మధ్య అడ్డుగా ఉన్నది బహుశా ఓ ఉబ్బిన కెపాసిటర్ మాత్రమే!