మ్యాక్‌లో విండోస్ కావాలా? డబ్బు కట్టే ముందు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి!

దాదాపు లక్ష రూపాయలు పెట్టి మ్యాక్‌బుక్ కొన్నారు. బ్యాటరీ సూపర్, స్పీడ్ సూపర్. తీరా పని మొదలుపెడితే అసలు చిక్కు బయటపడింది. లెక్కలు రాసే ట్యాలీ ప్రైమ్ విండోస్‌కే. డేటా అనలిస్టులు వాడే పవర్ బీఐ డెస్క్‌టాప్ విండోస్‌కే. ఇంజినీరింగ్ కాలేజీలో నేర్పే సాలిడ్‌వర్క్స్ కూడా విండోస్‌కే. ఇప్పుడేం చేయాలి? ఇంకో ల్యాప్‌టాప్ కొనాలా?

చాలామందికి ఆ అవసరం రాదు. మ్యాక్‌లోనే విండోస్ నడిపే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కొన్నింటికి డబ్బు కట్టాలి, కొన్ని పూర్తిగా ఉచితం. అయితే ‘ఏది బెస్ట్?’ అని వెతికి, పైన కనిపించినదాన్ని కొనేస్తే మాత్రం డబ్బు వృథా అయ్యే ప్రమాదం ఉంది. ఎందుకంటే ఇక్కడ ముందుగా చూడాల్సింది సాఫ్ట్‌వేర్‌ని కాదు.. మీ మ్యాక్‌ని, మీ పనిని. అదెలాగో చూద్దాం.

అసలు వర్చువల్ మెషీన్ అంటే?

సొంతింట్లో ఒక పోర్షన్ అద్దెకు ఇచ్చినట్టు అనుకోండి. ఇల్లు మ్యాక్‌ది. అందులో ఒక పోర్షన్ విండోస్‌కి ఇస్తారు. తలుపు వేరు, వంటగది వేరు. కానీ పైన వాటర్ ట్యాంక్ ఒక్కటే. మ్యాక్‌లోని ప్రాసెసర్, మెమరీ, స్టోరేజ్‌లనే రెండూ పంచుకుంటాయి. ఈ ఏర్పాటు చేసే సాఫ్ట్‌వేర్‌నే వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ అంటారు. మ్యాక్‌ని ఆపి మళ్లీ ఆన్ చేయక్కర్లేదు. ఒక విండోలో విండోస్, పక్కనే మ్యాక్ యాప్స్ నడుస్తుంటాయి.

ప్రశ్న 1: మీ మ్యాక్‌లో ఉన్నది ఏ చిప్?

స్క్రీన్‌పై ఎడమవైపు మూలన ఉన్న ఆపిల్ గుర్తు నొక్కి ‘అబౌట్ దిస్ మ్యాక్’ తెరవండి. అక్కడ ఎం1, ఎం2, ఎం3, ఎం4 లాంటి పేరు కనిపిస్తే అది ఆపిల్ సొంత చిప్. ఇంటెల్ అని ఉంటే పాత తరం మ్యాక్. మిగతా కథంతా ఈ ఒక్క లైన్‌పైనే ఆధారపడి ఉంటుంది.

2006 నుంచి ఇంటెల్ మ్యాక్‌లలో బూట్ క్యాంప్ అనే సదుపాయం ఉండేది. దాంతో మ్యాక్‌ని నేరుగా విండోస్ కంప్యూటర్‌లా ఆన్ చేసుకునేవాళ్లు. 2020 నవంబర్‌లో ఎం1 చిప్ వచ్చాక కొత్త మ్యాక్‌లలో బూట్ క్యాంప్ లేకుండా పోయింది. కారణం.. ఆపిల్ చిప్‌లు ఆర్మ్ అనే డిజైన్‌తో తయారవుతాయి. మనం మామూలుగా చూసే విండోస్ కంప్యూటర్లలో ఎక్కువ భాగం ఇంటెల్, ఏఎండీ చిప్‌లవే. ఈ రెండింటి భాష వేరు.

అందుకే ఆపిల్ చిప్ ఉన్న మ్యాక్‌లో మామూలు విండోస్ 11 కాకుండా, ఆర్మ్ కోసం తయారైన విండోస్ 11 వేయాలి. పాత డీవీడీలో ఉన్న విండోస్ 7, స్నేహితుడు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన విండోస్ 10 ఇక్కడ పనికిరావు. ఆర్మ్ విండోస్ 11 ఫైల్‌ని మైక్రోసాఫ్ట్ 2024 నవంబర్ నుంచి తన సైట్‌లోనే డౌన్‌లోడ్‌కి పెట్టింది. కాబట్టి ఎక్కడెక్కడి నుంచో దించుకోవాల్సిన పని లేదు.

ప్రశ్న 2: మీకు కావాల్సింది విండోసా.. ఒక్క యాపా?

ఇది చాలామంది వేసుకోని ప్రశ్న. మీకు కావాల్సిన యాప్‌కి మ్యాక్ వెర్షన్ ఉందేమో ముందు చూడండి. ఆటోక్యాడ్‌కి మ్యాక్ వెర్షన్ ఉంది. ఎక్సెల్, వర్డ్ కూడా ఉన్నాయి. అయితే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ మ్యాక్‌కి లేదు. మ్యాక్ ఎక్సెల్‌లో పవర్ పివట్ లేదు. అంటే పేరు ఒకటే అయినా ఫీచర్లు తేడా ఉండొచ్చు. మీరు రోజూ వాడే ఫీచర్ ఉందో లేదో చూసుకోవాలి.

మ్యాక్ వెర్షన్ లేకపోతే ఆర్మ్ విండోస్‌లో ఆ యాప్ నడుస్తుందా అన్నది తర్వాతి మెట్టు. ఇక్కడ ఊరటనిచ్చే విషయం ఒకటుంది. మామూలు విండోస్ కోసం రాసిన యాప్స్‌ని ఆర్మ్ భాషలోకి అప్పటికప్పుడు మార్చి నడిపే ఏర్పాటు విండోస్ 11లోనే ఉంది. ఆఫీసు, అకౌంటింగ్ లాంటి మామూలు యాప్స్ చాలావరకు ఇలా నడిచిపోతాయి. మధ్యలో అనువాదం జరుగుతుంది కాబట్టి వేగం కొంత తగ్గుతుంది, అంతే.

ప్రశ్న 3: డ్రైవర్, డాంగిల్ సంగతేంటి?

అసలు దెబ్బ తగిలేది ఇక్కడే! యాప్‌ని అనువాదం చేసి నడిపే విండోస్, డ్రైవర్‌ని మాత్రం అలా నడపలేదు. విండోస్ లోపలి పొరలో పనిచేసే డ్రైవర్ కచ్చితంగా ఆర్మ్ కోసం తయారైనదే అయి ఉండాలి. కాబట్టి ఇవి వాడేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి:

* లైసెన్స్ కోసం యూఎస్‌బీ డాంగిల్ పెట్టాల్సిన సాఫ్ట్‌వేర్లు
* పాత ప్రింటర్లు, స్కానర్లు, బయోమెట్రిక్ మెషీన్లు
* డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు
* కొన్ని ఆఫీసు వీపీఎన్‌లు
* కీబోర్డును తన అదుపులోకి తీసుకుని పనిచేసే పాత టైపింగ్ సాఫ్ట్‌వేర్లు

చివరిది మన డీటీపీ వాళ్లకు ముఖ్యం. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు డిజైన్ చేసేవాళ్లు విండోస్‌లో అను స్క్రిప్ట్ మేనేజర్‌తో తెలుగు టైప్ చేస్తుంటారు. అలాగే జీఎస్‌టీ, కంపెనీ ఫైలింగ్స్ చేసేవాళ్లలో చాలామందికి డిజిటల్ సిగ్నేచర్ అవసరం ఉంటుంది. ఇలాంటివాళ్లు డబ్బు కట్టే ముందు ఆ సాఫ్ట్‌వేర్ లేదా టోకెన్ ఇచ్చిన కంపెనీని ఒక్క మాట అడగాలి. ‘ఆర్మ్ విండోస్ 11లో పనిచేస్తుందా?’ అని. ‘విండోస్ 11లో పనిచేస్తుంది’ అనే జవాబు సరిపోదు. ఆర్మ్ అన్న మాట వాళ్ల నోట రావాలి.

గేమర్లకూ ఓ మాట. వాలరెంట్ లాంటి గేమ్స్‌లో మోసాలు పట్టుకునే సాఫ్ట్‌వేర్ విండోస్ లోపలి పొరలో కూర్చుంటుంది. వర్చువల్ మెషీన్‌లో అది నడవదు. ఇక ఆన్‌లైన్ పరీక్షలు రాసే విద్యార్థులు మరింత జాగ్రత్తగా ఉండాలి. కెమెరా నిఘాతో జరిగే చాలా పరీక్షల్లో వర్చువల్ మెషీన్ వాడటం నిషేధం. సాఫ్ట్‌వేర్ పట్టేసిందంటే పరీక్ష మధ్యలోనే ఆగిపోవచ్చు. అలాంటి రోజున అసలు విండోస్ ల్యాప్‌టాప్ అరువు తెచ్చుకోవడమే మేలు.

ప్రశ్న 4: మెమరీ ఎంత ఉంది?

వాటర్ ట్యాంక్ ఒక్కటే అన్నాం కదా.. ఇదే అది. విండోస్ 11కి కనీసం 4 జీబీ మెమరీ, 64 జీబీ స్టోరేజ్ ఉండాలని మైక్రోసాఫ్ట్ చెబుతోంది. అది ఊపిరి పీల్చుకోవడానికి మాత్రమే. హాయిగా పని జరగాలంటే విండోస్‌కి 8 జీబీ వరకు ఇవ్వాలి. మరి మ్యాక్‌లో ఉన్నదే 8 జీబీ అయితే? ఇద్దరికీ నీళ్లు చాలవు. చిన్న పనులకు సర్దుకుపోవచ్చు కానీ రోజంతా పని అంటే విసుగొస్తుంది.

2024 అక్టోబర్ చివర్లో ఆపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్ ప్రారంభ మెమరీని 8 నుంచి 16 జీబీకి పెంచింది. అంతకుముందు కొన్నవాళ్లు, సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నవాళ్లు ఈ నంబర్ తప్పకుండా చూడాలి. ఎందుకంటే ఆపిల్ చిప్ ఉన్న మ్యాక్‌లలో మెమరీ తర్వాత పెంచుకోవడం కుదరదు. కొనేటప్పుడు ఎంతో, చివరిదాకా అంతే.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ల సంగతి చూద్దాం

నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికిందా? అయితే ఎంపిక సులువే.

ప్యారలల్స్ డెస్క్‌టాప్: 2006 నుంచి మార్కెట్‌లో ఉంది. వీటన్నింటిలో వాడటానికి ఇదే తేలిక. విండోస్‌ని తనే డౌన్‌లోడ్ చేసి తనే ఇన్‌స్టాల్ చేస్తుంది. కోహెరెన్స్ అనే మోడ్‌లో విండోస్ డెస్క్‌టాప్ కనిపించకుండా, విండోస్ యాప్ ఒక్కటే మ్యాక్ యాప్‌లా తెరుచుకుంటుంది. ఆపిల్ చిప్ మ్యాక్‌లపై ఆర్మ్ విండోస్ 11 ప్రో, ఎంటర్‌ప్రైజ్ నడపడానికి మైక్రోసాఫ్ట్ 2023 ఫిబ్రవరిలో దీనికి అధికారికంగా ఆమోదం తెలిపింది. ఆఫీసు ఐటీ విభాగం అనుమతి కావాల్సినవాళ్లకు ఇది పెద్ద ప్లస్. మైనస్ ఏంటంటే డబ్బు. ఎక్కువమంది ఏటా చందా కట్టి వాడుతుంటారు. స్టాండర్డ్ ఎడిషన్‌లో ఒక వర్చువల్ మెషీన్‌కి 8 జీబీ మెమరీ, 4 ప్రాసెసర్ కోర్లే గరిష్ఠం. అంతకంటే ఎక్కువ కావాలంటే ప్రో ఎడిషన్‌కి వెళ్లాలి. 14 రోజుల ఉచిత ట్రయల్ ఉంది.

వీఎంవేర్ ఫ్యూజన్: ఒకప్పుడు ఇది ప్యారలల్స్‌కి గట్టి పోటీ, కొనుక్కోవాల్సి వచ్చేది. వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ కొన్నాక లెక్క మారింది. 2024 మేలో వ్యక్తిగత వాడకానికి, అదే ఏడాది నవంబర్‌లో ఆఫీసు వాడకంతో సహా అందరికీ ఉచితం చేశారు. ఆపిల్ చిప్‌పై విండోస్ 11 బాగానే నడుస్తుంది. అయితే డౌన్‌లోడ్ చేయాలంటే బ్రాడ్‌కామ్ సైట్‌లో అకౌంట్ తెరవాలి. అక్కడ కాస్త తికమక తప్పదు. సమస్య వస్తే మీరే వెతుక్కుని సరిచేసుకోవాలి.

యూటీఎం: ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. దాని సొంత సైట్ నుంచి తీసుకుంటే పైసా అక్కర్లేదు. యాప్ స్టోర్‌లో తీసుకుంటే డబ్బు పడుతుంది, ఆ మొత్తం తయారీదారులకు సాయంగా వెళ్తుంది. చిన్న చిన్న పనులకు, నేర్చుకోవడానికి బాగుంటుంది. విండోస్‌లో గ్రాఫిక్స్ వేగం అందదు కాబట్టి త్రీడీ డిజైన్, గేమ్స్ ఆశించొద్దు.

వర్చువల్‌బాక్స్: ఒరాకిల్ వారిది. ఇంటెల్ మ్యాక్‌లలో ఏళ్లుగా ఉచితంగా వాడుతున్నదే. 2024లో వచ్చిన 7.1 వెర్షన్‌తో ఆపిల్ చిప్‌లకూ వచ్చింది, అదీ ఆర్మ్ సిస్టమ్స్ నడపడానికే. ఆపిల్ చిప్‌పై విండోస్ కోసమే అయితే పై మూడూ చూశాక దీని దగ్గరికి రండి. దీనికి తోడుగా ఇచ్చే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ వ్యక్తిగత వాడకానికి ఫ్రీ. ఆఫీసులో వాడాలంటే లైసెన్స్ కొనాలి.

క్రాస్‌ఓవర్: ఇది వర్చువల్ మెషీనే కాదు. అసలు విండోస్ అవసరమే లేకుండా విండోస్ యాప్‌ని మ్యాక్‌లో నడిపే ప్రయత్నం. అందుకే విండోస్ లైసెన్స్ కూడా అక్కర్లేదు, మెమరీ భారం తక్కువ. కానీ అన్ని యాప్స్ నడవవు. మీ యాప్ నడుస్తుందో లేదో ట్రయల్‌లో చూసుకున్నాకే కొనాలి.

లైసెన్స్ ఖర్చు మర్చిపోవద్దు

చాలామంది పొరబడేది ఇక్కడే. ప్యారలల్స్‌కి డబ్బు కట్టినా, ఫ్యూజన్ ఫ్రీగా వచ్చినా, అందులో విండోస్ లైసెన్స్ కలిసి రాదు. అది వేరే కొనాలి. యాక్టివేట్ చేయకుండానే విండోస్ తెరుచుకుంటుంది, కానీ స్క్రీన్ మూలన హెచ్చరిక కనిపిస్తూనే ఉంటుంది. ఇక కొన్ని వందలకే ‘ఒరిజినల్ కీ’ అంటూ ఆన్‌లైన్‌లో అమ్మేవాటిని నమ్మొద్దు. అలాంటి కీ ఇవాళ పనిచేసి రేపు ఆగిపోతే అడిగే దిక్కుండదు. మీ ఆఫీసు ఇప్పటికే లైసెన్సులు తీసుకుని ఉండొచ్చు, ముందు అక్కడ అడగండి.

ఇంటెల్ మ్యాక్ ఉన్నవాళ్ల సంగతేంటి?

మీ దగ్గర మామూలు విండోస్ నడుస్తుంది కాబట్టి డ్రైవర్ల తలనొప్పి తక్కువ. కానీ బూట్ క్యాంప్‌లో ఆపిల్ అధికారికంగా సపోర్ట్ చేసేది విండోస్ 10 వరకే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే వర్చువల్ మెషీనే మంచి దారి. మరోవైపు ఇంటెల్ మ్యాక్‌లకు వచ్చే చివరి మ్యాక్ ఓఎస్ వెర్షన్ 26 టహో అని ఆపిల్ 2025లోనే చెప్పేసింది. కాబట్టి పాత మ్యాక్ మీద కొత్తగా ఎక్కువ ఖర్చు పెట్టొద్దు. ఫ్యూజన్ లాంటి ఉచిత దారే సరి.

మరి ఎవరికి ఏది?

* రోజూ విండోస్‌లోనే సంపాదన ఉంది, చిక్కులు వద్దు అనుకుంటే.. ప్యారలల్స్
* వారానికి ఒకట్రెండు సార్లే అవసరం, కాస్త ఓపిక ఉంది అంటే.. ఫ్యూజన్
* నేర్చుకోవడానికి, సరదాగా చూడటానికి.. యూటీఎం
* ఒకే ఒక్క చిన్న యాప్ కావాలంటే.. ముందు క్రాస్‌ఓవర్ ట్రయల్
* డాంగిల్, ప్రత్యేక డ్రైవర్, నిఘా పరీక్ష, పెద్ద గేమ్స్ అయితే.. వీటిలో ఏదీ నమ్ముకోకుండా విండోస్ ల్యాప్‌టాప్

ఇన్‌స్టాల్ చేశాక ఈ జాగ్రత్తలు

మ్యాక్‌లోని డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ ఫోల్డర్లను విండోస్‌తో షేర్ చేసే సెట్టింగ్ ఒకసారి చూడండి. అన్నీ షేర్ చేస్తే, విండోస్‌లోకి వైరస్ వచ్చిన రోజున మ్యాక్‌లోని మీ ఫైళ్లకూ ముప్పే. పనికి కావాల్సిన ఒక్క ఫోల్డర్ మాత్రమే షేర్ చేయండి. పెద్ద అప్‌డేట్ వేసే ముందు స్నాప్‌షాట్ తీసుకోండి. తేడా వస్తే పాత స్థితికి వెనక్కి రావొచ్చు. అయితే స్నాప్‌షాట్ ఉంది కదా అని బ్యాకప్ మానేయొద్దు. ముఖ్యమైన డేటా వేరే డిస్క్‌లో ఉండాల్సిందే.

చివరిగా ఒక్క మాట. ముందు ఉచితంగా దొరికేదానిలో ఆర్మ్ విండోస్ 11 వేయండి. మీ యాప్, మీ ప్రింటర్, మీ టోకెన్ పెట్టి ఓ వారం నిజమైన పని చేసి చూడండి. అక్కడ యాప్ నడిచిందంటే, డబ్బు కట్టేది సౌకర్యం కోసమే. డ్రైవర్ దొరక్క ఆగిపోయిందంటే, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా ఆ డ్రైవర్ రాదు. ఇంకా మ్యాక్ కొననివాళ్లు అయితే మరీ మంచిది. షాపుకి వెళ్లే ముందే ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకుని వెళ్లండి.