మెరుపులో పోయేది: పాత రివాల్వర్ల పునరుద్ధరణ

1915 ఆగస్టులో తుర్కీ దళం దోహాను విడిచిపోయింది. 1916 నవంబరు 3న ఖతర్ పాలకుడు షేక్ అబ్దుల్లా బిన్ జాసిం బ్రిటిష్‌వారితో చేసుకున్న ఒప్పందం అక్కడ ఆయుధ వ్యాపారాన్ని నిషేధించింది. పాలకుని సొంత అవసరాలకు మాత్రం వీలు మిగిల్చింది. బ్రిటిష్ సైన్యం వెబ్లీ మార్క్ 6 రివాల్వర్‌ను స్వీకరించినదీ 1915లోనే. ఆనాటి రివాల్వర్ ఒకటి ఇవాళ గల్ఫ్ తీరాన, లైసెన్సు ఉన్న ఒక సేకర్త చేతికి వచ్చిందనుకుందాం. దానిని కొత్తదానిలా మెరిపించడమే పునరుద్ధరణ అని చాలామంది నమ్మకం. నా దృష్టిలో దానికి జరిగే పెద్ద నష్టం ఆ మెరుపే.

చట్రం మీది తయారీ సంవత్సరం, పరీక్ష ముద్రలు, బ్రిటిష్ ప్రభుత్వపు బాణం గుర్తు లోతులేని అచ్చులు. సానచక్రం తగిలితే అంచులు గుండ్రబడి అక్షరాలు చెరిగిపోతాయి. ఆపైన దాని వయసుకు యజమాని మాటే ఆధారం.

సముద్రతీరంలో మరో చిక్కు ఉంది. గాలిలోని ఉప్పు తుప్పు పొర కింద దాగి, తేమ తగిలినప్పుడల్లా ఇనుమును తింటూ ఉంటుంది. పైపైన గీకి నూనె రాస్తే మళ్ళీ అక్కడే గోధుమరంగు చుక్కలు తేలతాయి. అందుకే నేర్పరి అయిన పనివాడు ఆయుధం ఖాళీగా ఉందని నిర్ధారించుకొని, భాగాలు విప్పి, ఒక్కొక్కదానికీ ఫోటో తీసి, నూనెలో నానబెట్టి, ఉక్కుకంటే మెత్తనైన ఇత్తడి పనిముట్టుతో తుప్పును ఓపికగా ఒలుస్తాడు.

అసలు నీలిపూత కొంతైనా మిగిలి ఉంటే దాని జోలికి పోకూడదు. పూర్తిగా పోయినచోట చేసే పని వింతైనది. శుభ్రపరచిన ఉక్కుకు కావాలనే పలుచగా తుప్పు పట్టించి, మరిగే నీటిలో ఉంచుతారు. ఎర్రని తుప్పు నల్లని మాగ్నటైట్‌గా మారుతుంది. వదులుగా ఉన్న పొడిని తుడిచి, మళ్ళీ తుప్పు పట్టిస్తారు. ఇలా ఎన్నోసార్లు. ముల్లును ముల్లుతో తీయడమంటే ఇదే కాబోలు!

లోపలి యంత్రం సంగతి వేరు. ట్రిగ్గర్ లాగినప్పుడు సిలిండర్ తిరిగి, అందులోని గది గొట్టంతో ఒకే రేఖలో నిలవాలి. ఆపే గడి అరిగితే ఆ పొందిక తప్పుతుంది; గుండు గొట్టం అంచును ఒరుసుకుంటుంది. అక్కడ కొత్త భాగం వేయక తప్పదు. తీసిన పాతదాన్ని మాత్రం చీటీ కట్టి యజమానికి అప్పగించాలి.

బాగుచేయరానివీ ఉన్నాయి. అమెరికా చేరిన అనేక వెబ్లీల సిలిండర్ వెనుక అంచును, అక్కడ సులభంగా దొరికే .45 ఎసిపి తూటాలు పట్టేందుకు కోసివేశారు. మార్క్ 6ను .455 తూటా కోసం చేశారు; .45 ఎసిపి పీడనం దానికంటే చాలా ఎక్కువ. కోసిన ఉక్కు తిరిగి రాదు. అటువంటిదాన్ని పేల్చకుండా అద్దాల పెట్టెలో ఉంచమని చెప్పి, కూలి వదులుకొనే పనివాడికే మిగిలిన తుపాకులూ అప్పగించవచ్చు.